తొమ్మిదో నంబరు చెప్పిన మాట

ఫిబ్రవరి 6

ఇంటర్వ్యూలు అయిపోయాయి. ఆస్పత్రి లాండ్రీలో మొత్తం ఇరవై రెండు మంది ఆడవాళ్ళుంటే పద్నాలుగు మంది నాతో మాట్లాడారు. పన్నెండేళ్ళు బీమా ఆఫీసులో ఫైళ్ళు మోసి, ముప్పై ఆరో ఏట సోషియాలజీ ఎం.ఏ. అంటూ పిల్లలతో పాటు బెంచీ మీద కూర్చున్నదాన్ని. ఇంతదాకా వచ్చానంటే నాకే నమ్మకం కుదరడం లేదు. డిసర్టేషన్ ఒక్కటి గట్టెక్కితే డిగ్రీ చేతికొచ్చినట్టే.

ఇవాళ చివరిగా మాట్లాడింది తొమ్మిదో నంబరు. పేర్లు రాయకూడదు కాబట్టి అందరికీ నంబర్లే. మడత బల్ల దగ్గర పదిహేడేళ్ళుగా ఉంది. గంటసేపు జీతం, షిఫ్టు, నడుంనొప్పి అంటూ అందరూ చెప్పిందే చెప్పింది. ఫోన్లో రికార్డరు ఆపబోతుంటే, ఇంకో మాట ఉంది, చెప్పనా వద్దా అంది.

ఇరవై దుప్పట్లు మడిస్తే ఒక కట్ట. కట్టలో ఎవరు మడిచారో వాళ్ళ టోకెన్ చీటీ పెట్టాలి. షిఫ్టుకి ఒక్కొక్కరు పదిహేను కట్టలు. వాళ్ళలో అందరికంటే పెద్దావిడ ఉంది, అందరూ పెద్దమ్మ అంటారు. వేళ్ళు వంకర్లు పోయాయి, చూపు ఆనదు. ఆవిడ చేతిమీద వచ్చేవి ఎనిమిది, మహా అయితే తొమ్మిది. మిగతావి వీళ్ళు తలా ఒకటి మడిచి ఆవిడ చీటీ పెట్టేస్తారు. నాలుగేళ్ళుగా ఇదే తంతు. షిఫ్టు చివర లెక్క చదివేది ఈ తొమ్మిదో నంబరే. పదిహేను అని చదువుతుంది.

"ఆవిడకి తెలియదు. తెలిస్తే ఆ రోజే మానేస్తుంది. ఈ మాట నీ దగ్గరే ఉండనీ."

ఉంటుంది అక్కా అన్నాను.

ఫిబ్రవరి 7

అది రాయను. మాటిచ్చాను కదా.

ఫిబ్రవరి 11

మా గైడు మేడమ్ మూడు అధ్యాయాలూ చదివి, అద్దాలు తీసి బల్లమీద పెట్టింది. ఆవిడ అద్దాలు తీసిందంటే నాకు అరికాళ్ళలో చెమటలు పడతాయి. అంతా బాగానే ఉందట, పట్టికలు బాగున్నాయట, కానీ ఇందులో మనుషులు కనపడటం లేదట. బీమా పాలసీ చదివినట్టుందని కూడా అంది. ఒళ్ళు మండింది. మండి ఏం చెయ్యను, నిజమే కదా.

అప్పుడు నోరు జారాను. ఒకామె ఒక మాట చెప్పింది మేడమ్, కానీ రాయొద్దంది అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. మేడమ్ అద్దాలు మళ్ళీ పెట్టుకుంది. సమ్మతి పత్రం మీద ఆమె సంతకం ఉందా అని అడిగింది. ఉంది. మాట్లాడినదంతా అధ్యయనంలో వాడుకోవచ్చని ఉందా? ఉంది. పేరు వాడుతున్నావా? లేదు. మరింకేమిటి అంది.

మరింకేమిటి. సంతకం ఉంది, పేరు లేదు. నీ దగ్గరే ఉండనీ అంటే పేరు బయట పెట్టకు అనే అర్థం. వేరే అర్థం ఏముంటుంది?

ఫిబ్రవరి 19

నాలుగో అధ్యాయం రాశాను. మూడు రోజుల్లో ఇరవై ఆరు పేజీలు. ఇంతకు ముందు రోజుకి పేజీన్నర రాయడానికి ప్రాణం మీదికొచ్చేది. చేతులకి ఎవరో దారి చూపించినట్టు రాశాను. పెద్దమ్మ చేతుల గురించి రాస్తున్నప్పుడు ఏడుపొచ్చింది కూడా. ఏడుస్తూనే బాగా వచ్చిందని సంతోషించాను. ఇది నా డైరీ కాబట్టి రాస్తున్నాను, ఎవరికీ చెప్పను.

చివర్లో అనుబంధంలో పట్టిక పెట్టాను. ఎవరెవరితో మాట్లాడామో నంబరు, వయసు, సర్వీసు, విభాగం, కుటుంబం. అందరి థీసిసుల్లోనూ ఉంటుంది.

పేరు ఎక్కడా రాయలేదు.

మార్చి 3

మేడమ్ నన్ను కూర్చోమంది. రెండేళ్ళలో మొదటిసారి టీ తెప్పించింది. నాలుగో అధ్యాయం విడిగా పరిశోధన పత్రికకి పంపుదాం అంది. వైవా మార్చి ఇరవై ఎనిమిదిన. ఈ అధ్యాయం ఉన్నాక నీకు భయమెందుకు అంది.

ఇంటికొచ్చి చెబితే అన్నయ్య పేపరు దించకుండానే మంచిదన్నాడు. వదిన మాత్రం, "అంటే ఇక మా ఇంటి సంగతులు కూడా రాసి డాక్టరైపోతావన్నమాట. ముందే చెప్తున్నా, నన్ను పదో నంబరు చెయ్యకు, ఒకటో నంబరు చెయ్యి" అంది. కడుపుబ్బ నవ్వుకున్నాం. ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్ళయిందో.

మార్చి 10

లాండ్రీలో ఒక కాపీ ఇచ్చాను. లోపలికి అనుమతి అడిగినప్పుడు, అధ్యయనం పూర్తయ్యాక ఒక ప్రతి ఇస్తానని ఉత్తరంలో రాసి ఉన్నాను. ఇచ్చిన మాట ఇచ్చినట్టు నిలబెట్టుకోవాలి కదా.

సూపర్‌వైజర్ తీసుకుని సొరుగులో పెట్టబోయాడు. నేను ఊరుకోలేదు. నా కాపీ మీద అందినట్టు ముద్ర వెయ్యమన్నాను. పన్నెండేళ్ళ ఆఫీసు అలవాటు, ముద్ర లేకుండా కాగితం చేతులు మారనివ్వను. ఎందుకులెండి అన్నాడు. ఉండాలండీ అన్నాను. గుమాస్తాని పిలిచి, రిజిస్టర్లో ఎక్కించి, తేదీ వేసి ముద్ర కొట్టించాడు.

మార్చి 11

మాట నిలబెట్టుకోవడం కోసమే ఇచ్చాను.

మార్చి 12

నిజం రాయాలి. మొదటిరోజు ఆ సూపర్‌వైజర్ నన్ను చూసి, దుప్పట్లు మడవడం మీద కూడా చదువులుంటాయా అని గుమాస్తాతో కలిసి నవ్వాడు. అతను చదవాలని ఇచ్చాను. చదివి నోరెళ్ళబెట్టాలని ఇచ్చాను.

మార్చి 17

లాండ్రీ నుంచి ఫోను. రేపు పది గంటలకి రమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు. బాగుందని చెప్పడానికి అయ్యుంటుంది.

భోజనం సయించలేదు. వదిన అడిగితే పంటినొప్పి అన్నాను.

మార్చి 18

సూపర్‌వైజర్ తలుపు వేసి, నా పుస్తకం బల్లమీద పెట్టాడు. మధ్యలో కాగితం ముక్కలు గుర్తుగా పెట్టి ఉన్నాయి. నాలుగో అధ్యాయం తెరుస్తాడనుకున్నాను. చివరి పట్టిక తెరిచాడు. తొమ్మిదో వరస మీద వేలు పెట్టి మెల్లగా చదివాడు: నలభై నాలుగేళ్ళు, పదిహేడేళ్ళ సర్వీసు, మడత విభాగం, భర్త లేడు, పిల్లలు ఇద్దరు, కవలలు.

"ఇరవై రెండు మందిలో కవలలున్నది ఎంతమందికమ్మా?"

పేరు దాచాను, పేరు దాచాను అని నెలకి పైగా నాకు నేను చెప్పుకుంటున్నానే, ఎవరి దగ్గర దాచాను? ఆ గుమ్మం ఎప్పుడూ తొక్కని వాళ్ళ దగ్గర. ఆ ఇరవై రెండు మందినీ రోజూ చూసేవాడి చేతికి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. పైగా ముద్ర కొట్టించుకున్నాను. ఏ గడ్డి తిని ఆ కవలల మాట రాశాను? కుటుంబం అనే గడి ఖాళీగా ఉంటే బాగుండదని రాశాను.

ఆ తర్వాత అతను అన్నది నేను ఊహించనిది. పెద్దమ్మ సంగతి అతనికి మూడేళ్ళుగా తెలుసు.

"తెలిసీ తెలియనట్టు ఉండటమే నా ఉద్యోగమమ్మా. కట్టలు పదిహేను వస్తున్నాయి, ఆస్పత్రికి దుప్పట్లు అందుతున్నాయి. నాకు చాలు. మీరు దాన్ని అచ్చేశారు. రిజిస్టర్లో ఎక్కించారు. రిజిస్టర్లో ఎక్కిన ప్రతి కాగితం నకలు వారానికోసారి పైఆఫీసుకి వెళ్తుంది. వెళ్ళింది."

సొరుగులో పడి ఉండాల్సిన పుస్తకం. ముద్ర నేనడిగాను.

పైఆఫీసు విచారణ వేసిందట. వచ్చే శుక్రవారం. తప్పుడు చీటీలు పెట్టినందుకు తొమ్మిదిని, పని చెయ్యలేనందుకు పెద్దమ్మని తీసేస్తారు. దానికి ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి, నా అధ్యాయం చదివి వినిపించి, నిజమా కాదా అని అడుగుతారు.

పెద్దమ్మకి చదివి వినిపిస్తారు. ఆవిడ చేతుల గురించి నేను ఏడుస్తూ రాసిన పేజీలు.

మార్చి 19

ఏమీ తోచడం లేదు.

మార్చి 20

షిఫ్టు వదిలే వేళకి గేటు దగ్గర నిలబడ్డాను. తొమ్మిది నన్ను చూసి కూడా చూడనట్టు నడిచింది. వెనకాలే బస్సు స్టాపు దాకా వెళ్ళాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళానో నాకే తెలియదు. తప్పయిపోయింది అక్కా అన్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

ఉద్యోగం గురించి ఒక్క మాట అనలేదు. నాలుగడుగులు పక్కకి వేసి, జనానికి వినపడకుండా అంది:

"నా సంగతి నేను చూసుకుంటా. ఇంకోచోట మడుస్తా. పదిహేను కట్టలు నేనే మడిచానని ఆవిడ ఇంటికెళ్ళి కూతురికి చెప్పుకుంటుంది. నాలుగేళ్ళుగా రోజూ చెప్పుకుంటోంది. అది చదవనీయకు."

ఎలా ఆపాలో నాకు తెలియదన్నాను. నాకు మాత్రం తెలుసా, చదువుకున్నదానివి నువ్వు అంది. బస్సెక్కేసింది.

మార్చి 21

పొద్దున్నే సూపర్‌వైజర్ దగ్గరికి పరిగెత్తాను. నేను తప్పుగా అర్థం చేసుకున్నానని ఒక ఉత్తరం రాసిస్తానన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. తప్పుగా అర్థం చేసుకున్నానంటే అసలు అర్థమేమిటో తేల్చమంటారు, విచారణ ఇంకా గట్టిగా జరుగుతుంది. ఒక్కటే దారి ఉందట. ఆ మాట ఎవరూ చెప్పలేదు, నేనే కల్పించి రాశాను అని మా డిపార్ట్‌మెంట్ ద్వారా ఉత్తరం రావాలి. అప్పుడు ఫైలు మూసేస్తారు.

దాని వల్ల నాకేమవుతుందో తెలుసా అన్నాను. తెలియదు, నేను పదో తరగతేనమ్మా అన్నాడు. ఎగతాళిగా అనలేదు.

మా చదువులో లెక్కలు తప్పితే దిద్దుకోమంటారు. వాదన బలహీనంగా ఉంటే మార్కులు తగ్గిస్తారు. లేని మనిషి చేత మాట్లాడించామని తేలితే మాత్రం గేటు బయట నిలబెడతారు.

మార్చి 22

రాయను. రాయాల్సిన అవసరం ఏముంది? నేను రాసింది నిజం. నిజం రాసి అబద్ధం అని ఒప్పుకోవడం కూడా అబద్ధమే కదా. పరిశోధనకి అదీ అన్యాయమే. పైగా పెద్దమ్మకి ఏదో ఒకరోజు తెలియకుండా ఉంటుందా?

పైనది మళ్ళీ చదువుకున్నాను. బీమా క్లెయిము తిరగ్గొట్టేటప్పుడు మేం రాసే ఉత్తరాలు అచ్చం ఇలాగే ఉండేవి.

మార్చి 23

ఉదయం: రాస్తాను.

మధ్యాహ్నం: రెండేళ్ళ చదువు. దాచుకున్నదంతా ఫీజులకే పోసేశాను. వదిలిన ఉద్యోగంలో ఇప్పుడింకొకరు కూర్చున్నారు. రాయను.

వదిన అడిగింది, అది పంటినొప్పి కాదు కదా అని. మొత్తం చెప్పాను. వదిన స్టవ్ కట్టేసి, నా ఎదురుగా కూర్చుని విన్నది. చివరికి, ఆ పెద్దావిడ ఎలా ఉంటుంది అని అడిగింది. పొట్టిగా ఉంటుంది, మడతకీ మడతకీ మధ్య దుప్పటిని చెంపకి ఆనించి చూస్తుంది, తడి ఆరిందో లేదో అని. ఇది అధ్యాయంలో ఉందా అని అడిగింది. ఉంది అన్నాను. వదిన లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది.

మార్చి 24

ఉత్తరం రాశాను. నాలుగు వాక్యాలు. తొమ్మిదో నంబరు ఇంటర్వ్యూలో టోకెన్ చీటీల గురించి ఉన్న భాగం, పెద్ద వయసు కార్మికురాలి గురించి ఉన్న భాగం పూర్తిగా నా కల్పన. లాండ్రీ సిబ్బందిలో ఎవరూ నాకు అలాంటి విషయం చెప్పలేదు. అధ్యయనం ఆకర్షణీయంగా ఉండాలని చేర్చాను. దీనికి పూర్తి బాధ్యత నాది.

మూడో వాక్యం నిజమే. అది రాయడానికే అరగంట పట్టింది. మిగతా మూడూ సాఫీగా వచ్చాయి.

మేడమ్ నిలబడే చదివింది. రెండోసారి కూర్చుని చదివింది. ఇది గాని, అధ్యాయం గాని, ఏదో ఒకటే నిజం, ఏది అని అడిగింది. ఉత్తరం అన్నాను.

"నీ మొదటి మూడు అధ్యాయాలు చదివినదాన్ని నేను. అంత కల్పన నీకు చాతకాదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మేడమ్ రికార్డింగు తెమ్మంది. అది ఉంటే కమిటీకి వినిపించి నీ డిగ్రీ నిలబెడతాను, లేకపోతే నిన్ను నేను కాపాడలేను అంది. కమిటీ విన్నాక లాండ్రీ వాళ్ళకి తెలియకుండా ఉంటుందా అని అడిగాను. ఆవిడ అద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చుంది. ఈ అధ్యాయం రాయించింది తనే అని ఆవిడకి గుర్తొచ్చిందేమో. అడగలేదు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని తొమ్మిది గొంతు ఒకసారి విన్నాను. "ఈ మాట నీ దగ్గరే ఉండనీ" అన్న చోట ఆపాను. చెరిపేశాను. చెరిపెయ్యమంటారా అని ఫోను రెండుసార్లు అడుగుతుంది. రెండుసార్లూ అవునన్నాను.

మార్చి 26

కమిటీలో ముగ్గురు. పదకొండు నిమిషాలు. ఎందుకు కల్పించావని ఒకాయన అడిగాడు. మార్కుల కోసం అన్నాను. మిగతా పదమూడు ఇంటర్వ్యూలు కూడా కల్పనేనా అని ఇంకొకాయన అడిగాడు. కాదండీ, అవి నిజం అన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మకపోవడంలో తప్పేముంది? ఆ పదమూడు మందీ నడుంనొప్పుల గురించి చెప్పిందంతా నాతో పాటే కొట్టుకుపోయింది.

మేడమ్ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

మార్చి 27

విచారణ రద్దయింది. సూపర్‌వైజర్ ఫోను చేసి చెప్పాడు. ఉంటానమ్మా అని పెట్టేశాడు.

మార్చి 28

ఇవాళ నా వైవా ఉండాల్సింది.

డిసర్టేషన్ రద్దు. రెండేళ్ళదాకా మళ్ళీ సమర్పించే వీల్లేదు. లాండ్రీకి స్వయంగా వెళ్ళి సిబ్బంది ముందు క్షమాపణ చెప్పాలి. అన్నయ్య యూనివర్సిటీ ఉత్తరం చదివి, ఇలాంటి పని చేశావా అన్నాడు. వదిన నోరు తెరవబోయింది. వద్దని కళ్ళతోనే చెప్పాను. అన్నయ్యకి చెబితే తన స్నేహితులకి చెబుతాడు, నా చెల్లెలు ఇంత మంచిదని. వదిన నోరు మూసుకుంది. వదినకి అదెంత కష్టమో నాకు తెలుసు.

ఏప్రిల్ 2

ఏడింటికి షిఫ్టు మొదలయ్యే ముందు అందరినీ మడత బల్లల దగ్గర నిలబెట్టారు. నేను మూడు మాటలు అన్నాను. నాలుగోది నోటికి రాలేదు.

తొమ్మిది అందుకుంది. ఇంటికొచ్చినదానిలా చూసుకుంటే మా నోట లేని మాట పెడతావా, మేమేమన్నా దొంగలమా, నీ చదువు తగలెయ్య అంటూ కడిగిపారేసింది. సూపర్‌వైజరే చాల్లే అనాల్సి వచ్చింది. సూపర్‌వైజర్ వినాలని తిట్టిందో, నిజంగానే తిట్టిందో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. రెండూ అయ్యుంటాయి.

అందరూ పనిలోకి వెళ్ళాక పెద్దమ్మ నా దగ్గరికొచ్చింది. మొహం ఆనక బాగా దగ్గరికొచ్చి నిలబడింది.

"నాకు పదిహేను కట్టలు చాతకాదని రాశావట."

అవును పెద్దమ్మా అన్నాను.

"ఎందుకమ్మా?"

చదవడానికి బాగుంటుందని అన్నాను. పోనీలే, తప్పని ఒప్పుకున్నావు, ఆడపిల్లవి అంతమందిలో నిలబడి ఒప్పుకోవడం తేలికేం కాదు అంటూ నా భుజం నిమిరింది. ఆ చెయ్యి నా భుజం మీద ఉన్నంతసేపూ నేల వైపే చూశాను. తర్వాత స్టూలు ఒకటి లాగి, కూర్చో, ఇవాళ కళ్ళారా చూసి రాసుకో, ఈసారన్నా ఉన్నది ఉన్నట్టు రాయి అంది.

మూడింటిదాకా కూర్చున్నాను. దుప్పటి అంచులు కలపడానికి ఆవిడకి రెండు మూడుసార్లు పట్టేది. కలిశాక చెంపకి ఆనించుకుని, తృప్తిగా పక్కన పెట్టేది. ఒకసారి సూపర్‌వైజర్ అటుగా వచ్చి, బల్ల వైపు చూసి, ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆవిడ టీకి లేచింది. తొమ్మిది నావైపు ఒక్క చూపు చూసి, తన కట్టలోని చీటీ తీసి వేరే చీటీ పెట్టింది. పక్కావిడ ఇంకోటి పెట్టింది. అవతలి బల్లల నుంచి మరో ఐదు వచ్చాయి. నేను గోడకున్న గడియారం చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ చేత్తో మడిచినవి నేను లెక్కపెట్టాను. ఎనిమిది.

షిఫ్టు అయ్యాక తొమ్మిది అందరి లెక్కా చదివింది. పెద్దమ్మ పేరు దగ్గర పదిహేను అని చదివింది. పెద్దమ్మ నావైపు తిరిగి, విన్నావుగా, రాసుకున్నావా అని అడిగింది. రాసుకున్నాను అన్నాను. ఏదీ చూపించు, కాస్త పెద్దక్షరాలతో రాయి, నాకు ఆనదు అంది.

నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి, పేజీ నిండా పదిహేను అని రాసి, ఆవిడ మొహానికి దగ్గరగా పట్టుకున్నాను.